మూడు కిలోమీటర్ల లోతున ఒక మలుపు

తమిళనాడు విరుదునగర్ జిల్లాలోని నరికుడి చుట్టుపక్కల చేలల్లో బోరు వేసే డ్రిల్లరు లోపలికి చూడడు, చూడలేడు. తిరుచెంగోడు నుంచి వచ్చిన బోరు బండి జాకీల మీద నిలబడుతుంది. కంప్రెసర్ తోసిన గాలి రాడ్ల గుండా దిగి, అడుగున హ్యామర్‌లోని పిస్టన్‌ను ఆడిస్తుంది. పిస్టన్ దెబ్బకు బిట్టు ముఖం మీది టంగ్‌స్టన్ కార్బైడ్ గుండీలు రాతిని పొడి చేస్తాయి. పని చేసిన ఆ గాలే పొడిని బోరు అంచుల వెంట పైకి ఎగదోస్తుంది. పైకి వచ్చే పొడి రంగు, దానిలోని తడి, హ్యామర్ మోత, రాడ్డు దిగే వేగం: డ్రిల్లరుకు అందే సమాచారం ఇంతే. నల్లరేగడి అయిపోయిందా, గట్టి రాయి తగిలిందా, రాతిలో పగులు అందిందా, అన్నీ వీటిని బట్టే చెబుతాడు. గట్టి రాయి తగిలేదాకా కేసింగు పైపు దించి, అక్కణ్ణుంచి కిందికి బోరును ఉత్త రాతిలోనే వదిలేస్తాడు. ఆ రాయి తన గోడను తానే నిలబెట్టుకుంటుంది.

షేల్ రాతిలోంచి చమురు, గ్యాస్ తీసే బావిలోనూ మనిషి చూడలేని చోటే పని జరగాలి. లోతు మాత్రం రెండున్నర, మూడు కిలోమీటర్లు. అంత లోతుకు నిలువుగా దిగి, మెల్లగా ఒరిగి, అడ్డంగా తిరిగి, కొన్ని పదుల మీటర్ల మందమే ఉన్న ఒక పొరను వదలకుండా ఇంకో రెండు మూడు కిలోమీటర్లు పోవాలి. తర్వాత ఆ బావికి ఉక్కు తొడుగు వేసి, తొడుగు చుట్టూ సిమెంటు నింపి, తొడుగుకు వందల కన్నాలు పెట్టి, ఆ కన్నాల్లోంచి రాతిని పగలగొట్టాలి. ఈ పనంతటినీ దగ్గరగా చదివితే నన్ను పట్టి నిలిపే గుణం ఒకటి కనిపిస్తుంది. ఇందులో ప్రతి పనిముట్టూ తన పని చేసి ఊరుకోదు, పని అయిందన్న కబురు కూడా పైకి పంపుతుంది. కబురు పంపలేని పనిముట్టును ఆ లోతుకు దించి ప్రయోజనం లేదు.

నరికుడి కింద ఉన్నది పాత గట్టి రాయి. గుండారు వెంట తూర్పుకు, కముది దాటి రామనాథపురం వైపు వెళ్ళేకొద్దీ ఆ రాయి లోతుకు దిగిపోతుంది. దాని మీద సముద్రం పేర్చిన బంకమన్ను, ఇసుక, సున్నపురాయి పొరలు మందమవుతాయి. కావేరీ బేసిన్ దక్షిణపు కొస అది. రామనాథపురం దగ్గర వలుదూరు విద్యుత్ కేంద్రంలో టర్బైన్లను తిప్పే గ్యాస్ ఆ పొరల్లోంచి వచ్చిందే. అయితే అది ఇసుకరాతి గ్యాస్. మామూలు బావులు వెదికేది అలాంటి గ్యాస్‌నే. అది పుట్టిన చోటు వేరు.

పుట్టిన చోటు షేల్. సముద్రం అడుగునో సరస్సు అడుగునో నిలిచిన సన్నటి మట్టి కోట్ల ఏళ్ళ బరువుకు అణిగి పలకలుగా మారిన రాయి ఇది. మట్టితో పాటు చేరిన నాచు, ఆకు, సూక్ష్మజీవుల అవశేషాలు లోపలి వేడికి మెల్లగా చమురు, గ్యాస్ అవుతాయి. కొంత తప్పించుకుని పైనున్న ఇసుకరాతిలోకి ఎక్కుతుంది. మిగిలింది పుట్టినచోటే చిక్కుకుంటుంది. షేల్‌లోని సందులు వెంట్రుక మందంలో వెయ్యో వంతుకు అటూ ఇటూగా ఉంటాయి, అంతకన్నా చిన్నవే ఎక్కువ. మంచి ఇసుకరాతితో పోలిస్తే దీనిలోంచి గ్యాస్ కదలడం పది లక్షల రెట్లు కష్టం. కాబట్టి షేల్ బావి చేయాల్సింది గ్యాస్‌ను వెదకడం ఒక్కటే కాదు. గ్యాస్‌కు నడవడానికి దారి లేదు, ఆ దారిని కూడా తనే వేయాలి.

కృష్ణా గోదావరి బేసిన్ పొరల పట్టిక చదువుతుంటే గోదావరి జిల్లాల్లో పల్లెవెలుగు బస్సు ఎక్కినట్టుంటుంది: కొమ్ముగూడెం, మండపేట, గొల్లపల్లి, రాఘవాపురం, రాజోలు, పాలకొల్లు, పాశర్లపూడి, వడపర్రు. కింది నుంచి పైకి ఇవి రాతి పొరల పేర్లు. అట్టడుగుకు దగ్గరగా ఉన్న కొమ్ముగూడెం పెర్మియన్ కాలపు షేల్, బొగ్గుల కలయిక. వయసు పాతిక కోట్ల ఏళ్ళకు పైమాటే. దాని మీది మండపేట ఇసుకరాయికి గ్యాస్‌ను ఇచ్చింది అదే. అమెరికా ఇంధన సమాచార సంస్థ 2013 జూన్‌లో ప్రపంచ షేల్ వనరుల మీద వేసిన నివేదికలో మన దేశానికి 96 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాస్ అంచనా కట్టింది. అందులో గోదావరి వైపు కొమ్ముగూడెం ఉంది, కావేరీ వైపు ఆండిమడం, సత్తపాడి షేళ్ళు ఉన్నాయి. అంతకు ముందే, 2011 జనవరి 25న, పశ్చిమ బెంగాల్‌లో దుర్గాపూర్ దగ్గర ఇచ్ఛాపూర్‌లో ఓఎన్‌జీసీ తవ్విన ప్రయోగపు బావిలో షేల్ గ్యాస్ పైకి వచ్చింది. 2013 అక్టోబరులో కేంద్రం షేల్ విధానం ప్రకటించింది. వ్యాపార స్థాయి ఉత్పత్తి దాకా మన దేశంలో ఇంకా రాలేదు. పనితనం పండింది ఎక్కువగా టెక్సాస్, పెన్సిల్వేనియా, నార్త్ డకోటాల్లో. కానీ ఆ పనికి కావలసిన సరుకుల్లో రెండు మన నేలవే. వాటి దగ్గరికి వస్తాను.

ముందు బావి ఆకారం చూడాలి. కిందికి పోయేకొద్దీ అది అంచెలంచెలుగా సన్నబడుతుంది. పైన 20 అంగుళాల గొట్టం, దానిలోంచి 13⅜, దానిలోంచి 9⅝, చివర 5½. ఇవి ఏనాటి నుంచో స్థిరపడిన కొలతలు. ఒకదానిలోంచి తర్వాతి బిట్టు దూరి, ఆ బిట్టు వేసిన కన్నంలోకి తర్వాతి గొట్టం దిగి, చుట్టూ సిమెంటుకు చోటు మిగలాలి. గొట్టాలు ఇన్ని ఎందుకంటే, ప్రతి లోతులోనూ రాయి బావిలోని ద్రవానికి రెండు హద్దులు పెడుతుంది. ద్రవం మరీ తేలికైతే రాతిలోని నీరు, గ్యాస్ బావిలోకి దూకుతాయి. మరీ బరువైతే రాయే పగిలి ద్రవాన్ని మింగేస్తుంది. పైపొరకు సరిపోయే బరువు కింది పొరకు చాలదు, కింది పొరకు చాలే బరువు పైపొర ఓర్చుకోలేదు. అలాంటి చోటు వచ్చినప్పుడు అప్పటిదాకా తవ్విన భాగాన్ని ఉక్కుతో, సిమెంటుతో మూసేసి కొత్త లెక్కతో కిందికి సాగుతారు. మొదటి గొట్టాల పని ఇంకొకటి కూడా, మన బోర్లు తాగే నీటి పొరలను ఈ వ్యవహారం నుంచి వేరు చేయడం. ఆ అంచెలో సిమెంటు నేల పైదాకా వచ్చి తీరాలి.

లెక్క తప్పితే ఏమవుతుందో తెలుగువాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. 1995 జనవరి 8న పాశర్లపూడి బావి ఎగదన్నింది. మంట ఆరేసరికి 65 రోజులు పట్టింది. బావి నోటి మీద బ్లోఅవుట్ ప్రివెంటర్ అనే ఉక్కు దొంతర ఉండేది ఇలాంటి రోజు కోసమే. 1922లో టెక్సాస్‌లో జేమ్స్ అబర్‌క్రాంబీ, హ్యారీ కామెరాన్ దీనికి రూపం ఇచ్చారు. ఎదురెదురుగా రెండు ఉక్కు దిమ్మెలు హైడ్రాలిక్ ఒత్తిడితో వచ్చి పైపును చుట్టి మూసుకుంటాయి. అవసరమైతే మరో జత పైపునే కోసి మూస్తుంది. వాటికి కావలసిన నూనెను నత్రజని నింపిన సీసాల్లో ముందే ఒత్తిడి పట్టి ఉంచుతారు, కరెంటు పోయినా, ఇంజన్ ఆగినా దిమ్మెలు కదలాలి కదా.

బావిలో నిలిచే ఆ ద్రవాన్ని రిగ్గు మీద మడ్ అంటారు. బోరు బండికి గాలి చేసే పని ఇక్కడ మడ్ చేస్తుంది, ఇంకా చాలా చేస్తుంది. పైపు లోపలి నుంచి దిగి, బిట్టు రంధ్రాల్లోంచి చిమ్మి, రాతి ముక్కలను మోసుకుని పైపు వెలుపలి నుంచి ఎక్కుతుంది. బిట్టును చల్లబరుస్తుంది. తన బరువుతో బావి గోడను లోపలి నుంచి ఒత్తిపట్టి నిలబెడుతుంది. పంపు ఆగినప్పుడు చిక్కబడి ముక్కలను ఉన్నచోటే పట్టి ఉంచుతుంది, పంపు మొదలవగానే మళ్ళీ పలచబడుతుంది. బరువు కోసం దీనిలో కలిపేది బెరైటీస్ పొడి. నీటికన్నా నాలుగు రెట్లకు పైగా బరువైన, గట్టిగా లేని, దేనితోనూ కలవని రాయి అది. గట్టిగా ఉంటే పంపులను అరగదీసేది, కలిసేదయితే మడ్‌ను చెడగొట్టేది. కడప సీమలో ఓబులవారిపల్లె మండలం మంగంపేటలో ఉన్నది ప్రపంచంలోకెల్లా పెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో ఒకటి. ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థ తవ్వే ఆ బూడిదరంగు రాయి గల్ఫ్ దేశాలకూ, అమెరికాకూ ఓడలెక్కి పోతుంది. ఎక్కడో ఒక బావి గోడ కూలకుండా నిలవడంలో మంగంపేట రాతి బరువు ఉందని తలచుకోవడం నాకు ఇష్టం.

బోరు బిట్టు రాతిని మోదుతుంది. షేల్ బావి బిట్టు రాతిని చెక్కుతుంది. దాని రెక్కల అంచుల్లో అర అంగుళం పైచిలుకు వెడల్పున్న బిళ్ళలు పొదుగుతారు. బిళ్ళ అడుగు టంగ్‌స్టన్ కార్బైడ్. ముఖం మీద పలచగా కృత్రిమ వజ్రపు పొర. వజ్రపు పొడిని విపరీతమైన ఒత్తిడిలో, 1400 డిగ్రీల దాకా వేడిలో కోబాల్ట్‌తో ముద్దచేసి అతికించినది. 1970లలో వచ్చిన ఈ బిళ్ళలు లేకపోతే ఒకే బిట్టుతో మూడు కిలోమీటర్ల అడ్డ బావిని ఆగకుండా తవ్వడం కలలో మాట. బిట్టు మార్చాలంటే కిలోమీటర్ల పైపును విప్పుతూ పైకి లాగి, మళ్ళీ బిగిస్తూ దించాలి. బిట్టు ఎంతసేపు నిలుస్తుందన్నదే లెక్క.

ఇక మలుపు. ఉక్కు పైపు వంగుతుందా అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. వంగుతుంది, తొందర పెట్టకపోతే. ప్రతి 30 మీటర్లకు పది డిగ్రీల చొప్పున ఒరిగితే 270 మీటర్లలో నిలువు బావి అడ్డం తిరుగుతుంది. ఆ వంపు వ్యాసార్ధం 170 మీటర్ల పైచిలుకు. అయిదంగుళాల పైపుకు అది సుఖమైన వంపే. వంపు తిప్పేది బిట్టు వెనకాల ఉన్న మడ్ మోటారు. 1930లో రెనే మోయినో అనే ఫ్రెంచి ఇంజనీరు కనిపెట్టిన పంపు సూత్రాన్ని ఇందులో తిరగేశారు. మెలితిరిగిన ఉక్కు రోటరు ఒకటి, మెలితిరిగిన రబ్బరు గూడులో కూర్చుంటుంది. గూడులో ఉన్న మెలికల కన్నా రోటరులో ఒకటి తక్కువ. ఆ ఒక్క తేడా వల్ల వాటి మధ్య ఖాళీ గదులు ఏర్పడతాయి. పంపు తోసిన మడ్ ఆ గదుల్లోంచి పోవాలంటే రోటరు తిరగక తప్పదు. పై నుంచి పైపు తిప్పకుండానే బిట్టు తిరుగుతుంది. మోటారు ఒంటికి ఒకటిన్నర, రెండు డిగ్రీల వంపు పెట్టి ఉంటుంది. పైపును తిప్పకుండా ఆ వంపును ఒక దిక్కుకు నిలిపి తవ్వితే బావి అటు ఒరుగుతుంది. పైపును కూడా తిప్పుతూ తవ్వితే వంపు అన్ని దిక్కులకూ సమంగా పంచుకుని బావి తిన్నగా పోతుంది. స్టీరింగ్ చక్రం లేదు, లోపల కదిలే మీటలు లేవు. తిప్పడం, తిప్పకపోవడం, అంతే. తర్వాత తర్వాత తిరుగుతూనే దిశ మార్చుకునే యంత్రాలు వచ్చాయి కానీ, ఈ రెండు డిగ్రీల వంపులో ఉన్న పొదుపును నేను ఎక్కువగా మెచ్చుకుంటాను.

మరి ఆ వంపు ఏ దిక్కుకు నిలిచిందో పైనున్నవాళ్ళకు తెలిసేదెలా? మూడు కిలోమీటర్ల కింద, వంద డిగ్రీలు దాటిన వేడిలో, తిరిగే పైపు లోపల తీగ వేయడం తేలిక కాదు. రేడియో తరంగం అంత రాతిని దాటి రాదు. ఉన్నదల్లా పైపు నిండా మడ్. దానితోనే మాట్లాడించారు. మోటారు వెనక, అయస్కాంతానికి లొంగని లోహపు గొట్టంలో మూడు అయస్కాంత కొలమానాలు, మూడు గురుత్వ కొలమానాలు ఉంటాయి. భూమి ఎటు లాగుతోంది, ఉత్తరం ఎటు ఉంది అన్న రెండింటి నుంచి బావి ఒరుగు, దిక్కు లెక్క తేలుతుంది. ఆ అంకెలను ఒకట్లు, సున్నాలుగా మార్చి ఒక చిన్న కవాటానికి ఇస్తారు. కవాటం మడ్ దారిని క్షణం పాటు ఇరుకు చేస్తుంది, వదులుతుంది. ప్రతి ఇరుకుకూ ఒత్తిడి కొంచెం పెరిగి, ఆ అల మడ్ గుండా రెండు మూడు సెకన్లలో పైకి చేరుతుంది. పైన పంపు గొట్టానికి బిగించిన సెన్సరు ఆ అలలను పంపుల సొంత దడదడ నుంచి వేరుచేసి చదువుతుంది. సెకనుకు కొద్ది బిట్లు, అంతకు మించి రావు. కనుక ఏ అంకె ముందు పంపాలి, ఎన్ని దశాంశాలు చాలు అన్నది కూడా నేర్పుతో తేల్చుకోవలసిన విషయమే. 1978లో టెలికో అనే సంస్థ దీన్ని మొదటిసారి వ్యాపారంగా బావుల్లోకి దించింది. ఇంత వేగవంతమైన డేటా కాలంలో, చెయ్యి నొక్కి కబురు చెప్పే ఆ పద్ధతే ఇప్పటికీ ప్రధానంగా పనిచేస్తోంది.

ఆ అలల్లోనే ఇంకో కబురు వస్తుంది, గామా కిరణాల లెక్క. షేల్‌లోని పొటాషియం, థోరియం, యురేనియం స్వల్పంగా కిరణాలు వదులుతాయి. ఒక్కో పలకది ఒక్కో పాలు. నిలువు బావిలో దిగేటప్పుడు రాసుకున్న గామా గీతను పక్కన పెట్టుకుని, అడ్డంగా పోతున్నప్పుడు వచ్చే గీతను దానితో సరిచూసుకుంటూ ఒక భూగర్భ శాస్త్రజ్ఞుడు కూర్చుంటాడు. గీత పెరిగితే పొర పైఅంచుకు చేరామనో, తగ్గితే అడుగు అంచుకు దిగామనో పోల్చుకుని, అర డిగ్రీ కిందికి, ఒక డిగ్రీ పైకి అని చెబుతాడు. పొర తిన్నగా ఉండదు, వంగుతుంది, ఒక్కోచోట తెగి పక్కకు జరిగి ఉంటుంది. వందల కోట్ల ఖర్చుతో కూడిన బావుల వరసకు దారి చూపేది ఆ గీతల పోలికే.

తవ్వకం అయింది. 5½ అంగుళాల ఉక్కు తొడుగు దించాలి. ఒక్కో గొట్టం పన్నెండు మీటర్లు. ఒక్కో మరను ఎన్ని చుట్లకు ఎంత బలంతో బిగించారో గ్రాఫు గీసి చూస్తారు. గీత చివర నిటారుగా లేచిందంటే ఉక్కు అంచు ఉక్కు అంచుకు ఆనుకుందన్నమాట. లేవకపోతే విప్పి మళ్ళీ బిగిస్తారు. అడ్డ భాగంలో గొట్టం బరువుకు కింది గోడ మీద పడుకుంటుంది. అలా పడుకుంటే దాని కింద సిమెంటు దూరదు. అందుకని గొట్టానికి బయట సెంట్రలైజర్లు తొడిగి, నాలుగు వైపులా ఎడం ఉండేలా చూస్తారు.

ఈ బావి మొత్తంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ కట్టిపడేసే ఘట్టం సిమెంటింగ్. సిమెంటును గొట్టం లోపలి నుంచి దించి, కొసన బయటికి తీసి, వెలుపలి సందులోంచి పైకి ఎక్కించాలి. దారిలో మడ్‌తో కలవకూడదు, కలిస్తే గట్టిపడదు. మధ్యలో బిగుసుకుపోకూడదు, కోట్ల రూపాయల బావిలో గడ్డకట్టిన సిమెంటు నిండిపోతుంది. చేరవలసిన చోట చేరాక మాత్రం త్వరగా గట్టిపడాలి. ముందు ఆ లోతులోని వేడి, ఒత్తిడి కల్పించిన చిన్న పాత్రలో సిమెంటు పాలును తిప్పుతూ, ఎన్ని గంటలకు బిగుస్తుందో ప్రయోగశాలలో చూసుకుంటారు. కలిపే మందులతో ఆ వ్యవధిని పొడిగిస్తారు, తగ్గిస్తారు.

తర్వాత గొట్టంలోకి ఒక రబ్బరు ప్లగ్గు పంపుతారు. దాని చుట్టూ ఉన్న రెక్కలు గొట్టం లోగోడకు అంటిన మడ్‌ను తుడుచుకుంటూ దిగుతాయి. దాని వెనక సిమెంటు. సిమెంటు వెనక ఇంకో ప్లగ్గు. దాని వెనక నీళ్ళు. రెండు ప్లగ్గులూ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి, లోపల తేడా ఉంది. మొదటిదాని నడుమ పలచటి పొర, రెండోదాని నడుమ గట్టి దిమ్మ. మొదటిది గొట్టం అడుగున ఉన్న కాలర్ మీద కూర్చోగానే దాని పొర చిరిగి సిమెంటుకు దారి ఇస్తుంది. సిమెంటు బయటికి పోయి సందులో ఎక్కుతుంది. రెండోది వచ్చి మొదటిదాని మీద కూర్చోగానే దారి మూసుకుంటుంది, పైన ఒత్తిడి ముల్లు ఒక్కసారి ఎగురుతుంది. పంపు ఎన్ని స్ట్రోకులకు అది జరగాలో ముందే లెక్కగట్టి ఉంటారు. అన్ని స్ట్రోకులకే ముల్లు ఎగిరిందంటే, అయిదారు కిలోమీటర్ల అవతల ఏం జరిగిందో తెలిసినట్టే. అప్పుడు ఒత్తిడి వదిలి చూస్తారు. కాలర్‌లోని ఒంటిదారి కవాటం పట్టి ఉంటే ఒకటి రెండు బకెట్ల నీళ్ళు వెనక్కి వచ్చి ఆగిపోతాయి. నీళ్ళు ఆగకుండా వస్తూనే ఉంటే కవాటం పట్టలేదని అర్థం. రెండు రబ్బరు ముక్కలు, ఒక కవాటం, ఒక ఒత్తిడి ముల్లు. ఇంత తక్కువ సామానుతో ఇంత స్పష్టమైన సాక్ష్యం రాబట్టిన మరో పని నాకు తెలీదు.

సిమెంటు గట్టిపడ్డాక దాన్ని శబ్దంతో పరీక్షిస్తారు. గొట్టం లోపల ఒక శబ్దపు పరికరాన్ని లాగుతూ గోడను మోగించి వింటారు. వెనక సిమెంటు లేనిచోట ఉక్కు గట్టిగా, చాలాసేపు మోగుతుంది. సిమెంటు పట్టినచోట మోత రాతిలోకి ఇంకి అణగిపోతుంది.

ఇప్పటిదాకా కట్టిన దానికి ఇప్పుడు కన్నాలు పెట్టాలి. బావి ఏ దిక్కుకు పోవాలన్నది కూడా ఇక్కడి అవసరాన్ని బట్టే మొదట్లో తేల్చి ఉంటారు. లోతైన రాతిలో సాధారణంగా పైబరువే అన్నిటికన్నా పెద్ద ఒత్తిడి కాబట్టి పగులు నిలువుగా తెరుచుకుంటుంది. అడ్డంగా ఉన్న రెండు ఒత్తిళ్ళలో తక్కువ ఏ దిక్కున ఉందో ఆ దిక్కుకు రాయి విచ్చుకుంటుంది. బావిని ఆ తక్కువ ఒత్తిడి దిక్కు వెంటే తవ్వితే, పగుళ్ళు బావికి అడ్డంగా, ఒకదాని పక్కన ఒకటిగా నిలుస్తాయి. దిక్కు తప్పితే పగులు బావి వెంబడే పరుగెత్తి వృథా అవుతుంది.

కన్నాలు పెట్టే గన్నులో షేప్డ్ చార్జీలు ఉంటాయి. శివకాశి, సాత్తూరు పక్కన పెరిగినవాళ్ళకు మందు సంగతి తెలుసు, మందు ఎంత అన్నదాని కన్నా దాన్ని ఎలా కూరారన్నదే ముఖ్యం. ఇక్కడ కూడా అంతే. కొన్ని పదుల గ్రాముల పేలుడు పదార్థం ముందు రాగి పొడి అదిమిన శంకువు ఉంటుంది. మందు పేలగానే శంకువు లోపలికి ముడుచుకుని సన్నటి లోహపు ధారగా మారుతుంది. ధార మొన సెకనుకు ఏడెనిమిది కిలోమీటర్ల వేగంతో ఉక్కును, సిమెంటును, రాతిని దాటుతుంది. మిగిలేది సుమారు ఒక సెంటీమీటరు కన్నం. ఆ కన్నం నున్నగా, గుండ్రంగా ఉండాలని ఇంత తాపత్రయం ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

పని బావి చివరి కొస నుంచి వెనక్కి సాగుతుంది. మూడు కిలోమీటర్ల అడ్డ భాగాన్ని అరవై మీటర్ల అంచెలుగా విడగొడితే యాభై అంచెలు. ప్రతి అంచెకూ తీగ చివర ప్లగ్గును, దాని వెనక గన్నులను కట్టి దించుతారు. అడ్డ బావిలో బరువుకు అవి జారవు, అందుకని నీటితో తోసుకుపోతారు. ప్లగ్గును బిగించి, గన్నులను వెనక్కి లాగుతూ ఒక్కొక్క గుత్తిగా కన్నాలు పేల్చి, తీగ పైకి తీస్తారు. తర్వాత ఒక బంతిని వదులుతారు. బంతి నీటితో పోయి ప్లగ్గు నోట్లో కూర్చోగానే పాత అంచె మూసుకుంటుంది, పైన ఒత్తిడి పెరిగి ఆ కబురు చెబుతుంది. ఇక పంపు చేసినదంతా కొత్త కన్నాల్లోకే.

పదిహేను, ఇరవై పంపు లారీలు, ఒక్కొక్కటి రెండు వేల హార్స్‌పవర్‌కు పైన, ఒకే గొట్టంలోకి సెకనుకు రెండు వందల లీటర్లు దాటి నీరు తోస్తాయి. ఒత్తిడి వాతావరణానికి ఆరు ఏడు వందల రెట్లు. చిక్కు ఎక్కడంటే, అంచెలోని కన్నాలన్నిటి వెనకా రాయి ఒకేలా ఉండదు. మెత్తగా ఉన్నచోట నీరంతా దూరిపోయి మిగతావి ఎండిపోవచ్చు. దీనికి విరుగుడు కన్నం కొలతలోనే ఉంది. కన్నంలో పోయే నీరు రెట్టింపైతే అక్కడి అడ్డు నాలుగు రెట్లవుతుంది. కన్నాలు కావాలనే కొద్దిగా, చిన్నగా పెడితే, ఏ కన్నమైనా ఎక్కువ లాక్కోబోయినప్పుడు దాని అడ్డే పెరిగి నీటిని పక్క కన్నాలకు మళ్ళిస్తుంది. కవాటాలు లేకుండా, ఎవరూ తిప్పకుండా, వాటాలు వాటంతటవే సరిపోతాయి. కన్నాలన్నీ ఒకే కొలతలో ఉండాలని పట్టుబట్టడం ఇందుకే.

ఎండిన బోర్లకు ఇదే ఉపాయాన్ని చిన్న ఎత్తున మన గట్టిరాతి ఊళ్ళల్లోనూ చేస్తారు. రబ్బరు ప్యాకర్ దించి ఉబ్బించి, దాని కిందికి ఒత్తిడితో నీళ్ళు పంపితే రాతిలో పూడుకున్న పగుళ్ళు తెరుచుకుంటాయి. ఆ రాయి గరుకు, గట్టి. ఒకసారి జరిగిన ముఖాలు మళ్ళీ సరిగ్గా అతుక్కోవు కాబట్టి సందు మిగులుతుంది. షేల్ అలా కాదు. ఒత్తిడి తీయగానే మూసుకుంటుంది. అందుకే నీటితో పాటు ఇసుక పంపాలి. మిల్లీమీటరు కన్నా చిన్న రేణువులు పగుళ్ళలో చేరి, నీరు వెనక్కి వచ్చాక కూడా రాతిని ఎడంగా పట్టి ఉంచుతాయి.

ఇసుక నీటిలో మునిగిపోకుండా అంత దూరం ఎలా పోతుందన్న ప్రశ్నకు ఒక జవాబు మన వంటింటి కూర, గోరుచిక్కుడు. దాని గింజలోని గ్వార్ జిగురును నీటిలో కలిపి బోరేట్ చేరిస్తే, పొడవైన జిగురు అణువులు ఒకదానికొకటి ముడిపడి నీరు చిక్కటి జెల్ అవుతుంది, ఇసుకను మోస్తుంది. అదే జెల్ పగుల్లో అలాగే మిగిలితే గ్యాస్‌కు అడ్డం. అందుకని దానితోనే ఒక ఎంజైమునో ఆక్సీకరణ మందునో పంపుతారు. కొన్ని గంటలకు అది జిగురు అణువులను తెంపి మళ్ళీ నీటిలా పలచన చేస్తుంది. చిక్కబడే వేళ, పలచబడే వేళ రెండూ ముందే నిర్ణయమై ఉంటాయి. ప్రపంచంలో గ్వార్ అత్యధికంగా పండేది మన దేశంలోనే, ముఖ్యంగా రాజస్థాన్‌లో. అమెరికాలో షేల్ జోరుకు 2012లో గ్వార్ ధర ఆకాశానికి ఎగిరింది.

దీనికి భిన్నమైన దారి పట్టినవాడు టెక్సాస్ గ్యాస్ వ్యాపారి జార్జ్ మిచెల్. 1981లో బార్నెట్ షేల్‌లో మొదటి బావి వేసి, ఏళ్ళ తరబడి ఖరీదైన జెల్‌తో పగలగొడుతూ లాభం కనలేదు. 1990ల చివర ఆయన సంస్థలో నిక్ స్టైన్స్‌బర్గర్ అనే ఇంజనీరు జెల్ దాదాపు మానేసి, ఘర్షణ తగ్గించే పాలిమర్ ఇంత వేసిన ఉత్త నీటిని ఎక్కువ వేగంతో, కొద్దిపాటి ఇసుకతో పంపి చూశాడు. 1998లో అది గట్టిగా ఫలించింది. పలచటి నీరు ఇసుకను సరిగా మోయకపోయినా, సన్నటి పగుళ్ళను విస్తారంగా తెరిచింది. షేల్‌కు కావలసింది అదే. 2002లో మిచెల్ సంస్థను కొన్న డెవన్ ఆ నీటి పద్ధతికి అడ్డ బావిని జతచేసింది.

నీటి పద్ధతికి నీరు కావాలి, పొడవైన బావి ఒక్కదానికే నాలుగైదు కోట్ల లీటర్లు. కన్మాయి, అంటే చెరువు, నిండితే పంట, నిండకపోతే వలస అన్నట్టున్న నరికుడి వైపు నిలబడి చూసినవాడికి ఆ అంకె బరువైనదే. పనిలోని నేర్పును ఎంత మెచ్చుకున్నా, తాగునీటిని, సాగునీటిని అందుకు వాడటం తప్పని నా అభిప్రాయం. బావిలోంచి తిరిగి వచ్చిన ఉప్పునీటినే శుభ్రం చేసి తర్వాతి బావికి వాడే పద్ధతులు అమెరికాలో పెరిగాయి. ఈ పని ఇటువైపు ఎప్పుడైనా రావలసి వస్తే ముందు రావలసింది ఆ నేర్పు.

అంచెలన్నీ అయ్యాక దారిలో నిలిచిన యాభై ప్లగ్గులు తీసేయాలి. అవి ఇనుముతో చేసినవి కావు, పీచు, రెసిన్ కలిపిన పదార్థంతో చేసినవి. అడ్డు నిలవాల్సినంత సేపు వందల రెట్ల ఒత్తిడిని ఆపి, ఆ పని తీరాక సన్నటి గొట్టం చివరి బిట్టుకు నిమిషాల్లో చూర్ణమయ్యేలా రూపొందాయి. ఉప్పునీటిలో తమంతట తామే కరిగిపోయే మెగ్నీషియం మిశ్రలోహపు ప్లగ్గులూ వచ్చాయి.

బావి నోటి మీద కవాటాల దొంతర, దాన్ని క్రిస్మస్ ట్రీ అంటారు, దాని పక్కన చోక్ ఉంటుంది. చోక్ నోటిని అంగుళంలో 64వ వంతులలో కొలుస్తారు. మొదటిరోజే బార్లా తెరిస్తే పగుళ్ళలోని నీరు, గ్యాస్ ఉరికి వచ్చి ఇసుకను తమతో లాక్కొస్తాయి, ఇసుక పోయిన పగులు మూసుకుంటుంది, అంతవరకూ చేసినదంతా వ్యర్థమవుతుంది. అందుకని పన్నెండు పాళ్ళు, అంటే అయిదు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ నోటితో మొదలుపెట్టేవాళ్ళుంటారు. ఒత్తిడి ఎంత చొప్పున తగ్గుతోందో రాసుకుంటారు, దారిలో పెట్టిన ఇసుక తొట్టిని తెరిచి చూస్తారు. రేణువులు లేకపోతే రెండు పాళ్ళు పెంచుతారు. ఉంటే అక్కడే ఆగి, ఒత్తిడి నిలదొక్కుకున్నాకే చోక్ మీద మళ్ళీ చెయ్యి వేస్తారు.